ఇద్దరు పట్టుకుంటేనే విచ్చుకునే బల్ల

"దిగండి! ముందు మీరు కిందికి దిగండి!"

గుమ్మంలోంచే అరిచాడతను. అరవడా మరి? పొద్దున్నే ఆటోలో పంపించిన కొత్త శాంపిల్ టేబుల్. దాని మీద ఎవరో అమ్మాయి చెప్పులతో సహా ఎక్కి గెంతుతోంది. మెడలో వేసుకున్న కొలతల టేపు ఆమెతోపాటే ఎగురుతోంది.

ఆ అమ్మాయి గెంతడం ఆపి పైనుంచి కిందికి చూసింది. "విరుగుతుందా?"

"విరగదు."

"ఒరుగుతుందా?"

"ఒరగదండీ. మా కంపెనీ టేబుల్ ఏనుగెక్కినా..."

"మరి నేను దిగడం దేనికి?"

సేల్స్‌లో చేరాక అతన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఆమె ఇంకో రెండుసార్లు గెంతి, తృప్తిగా దిగి, టేబుల్ మీద పడ్డ చెప్పు గుర్తుల్ని తన చున్నీతోనే తుడిచింది. తుడిచాక టేపు తీసి అడ్డంగా కొలిచింది.

"గట్టిదే. కానీ పనికిరాదు."

"ఎందుకండీ?"

"అటు కూర్చోండి చెప్తాను."

అతను అటు కూర్చున్నాడు. ఆమె ఇటు కూర్చుంది. "చెయ్యి చాపండి" అంది. చాపాడు. తనూ చాపింది. ఇద్దరి వేళ్లకీ మధ్య జానెడు దూరం మిగిలిపోయింది. ఆ జానెడునీ ఆమె శ్రద్ధగా టేపుతో కొలుస్తుంటే, అతను మాత్రం టేపును చూడలేదు.

"ఎదురుగా ఉన్నవాళ్లకి ఉప్పు అందించాలంటే లేచి నిలబడాలి. మాట్లాడాలంటే కేకలెయ్యాలి. ఇది భోజనాల బల్లా, కాలవా? ఇటు గట్టున వాళ్లు ఇటూ, అటు గట్టున వాళ్లు అటూ."

"ఇది స్టాండర్డ్ సైజండీ. ఫంక్షన్ హాళ్లన్నిటికీ ఇదే ఇస్తాం."

"ఫంక్షన్‌కి వచ్చినవాళ్లు తిని వెళ్లిపోతారు. మావాళ్లు మాట్లాడుకోవాలి."

అదీ వాళ్ల మొదటి సమావేశం. అతను టేబుల్ మడిచి మళ్లీ ఆటో ఎక్కించాడు.

మావాళ్లంటే ఎవరో చెప్పాలి. అవి నాలుగంతస్తుల పాత క్వార్టర్సు. గదులు చిన్నవి, మనుషులు ఇంకా తక్కువ. ఒక్కో వాటాలో ఒక్కరే ఉండే ఇళ్లు చాలానే ఉన్నాయి. నైట్ డ్యూటీ నర్సు, కాలేజీలో చదువుకునే పిల్లలు, రిటైరైనవాళ్లు, రిటైర్ కావడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు. ఒక్క మనిషికి వండుకోవడం ఎంత చిరాకో వండుకునేవాళ్లకే తెలుసు. వండితే మిగులుతుంది, వండకపోతే కడుపు కాలుతుంది. అందుకని సాయంత్రం పూట అందరికీ ఒకే వంట, కింద హాల్లో అందరూ కలిసి భోజనం అని ఆ అమ్మాయి మొదలుపెట్టింది. వంట బాధ్యత వాళ్ల పిన్నిది. కాకపోతే అదే హాల్లో పొద్దున పిల్లలు ఆడుకుంటారు, మధ్యాహ్నం ఆ అమ్మాయే కుట్టు క్లాసు చెప్తుంది. అందుకే మడత టేబుళ్లు కావాల్సొచ్చాయి.

ఆమె టైలరు. ఎప్పుడూ మెడలో టేపు ఉంటుంది కనుక క్వార్టర్సంతా ఆమెని టేపు పిల్ల అంటారు. టేబుళ్లతో రోజు విడిచి రోజు వచ్చే ఇతనికి మడతబ్బాయి అనే పేరు తగిలించడానికి వాళ్లకి ఎంతో సేపు పట్టలేదు.

అందరి కోసం అని టేపు పిల్ల పైకి చెప్పేది. అది అబద్ధం కాదు. కానీ అందులో పెద్ద ముక్క వాళ్ల నాన్న కోసం.

ఆయన సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. హాలు మూతపడి చాలా కాలమైనా ఆపరేటరు గారనే పిలుస్తారు. భార్య పోయి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో ఆయన ఒక్కపూట కూడా కూర్చుని తినలేదు. పొయ్యి పక్కన నిలబడి, గోడవైపు తిరిగి, నాలుగు ముద్దలు మింగి, ప్లేటు కడిగి బోర్లిస్తారు. కూతురు పక్కన కుర్చీ వేస్తే, "ఫరవాలేదమ్మా, అయిపోయింది" అంటారు. మొదలుపెట్టకుండానే అయిపోయిందనే మనిషితో ఎవరు వాదిస్తారు? నలుగురి మధ్యలో పడితే కూర్చుంటారని ఆమె ఆశ. నాన్న కూర్చుని తినేదాకా తన పెళ్లి మాట ఎత్తొద్దని పిన్నికి తెగేసి చెప్పింది కూడా.

ఇదంతా మడతబ్బాయికి తెలియదు. అతనికి తెలిసిందల్లా, ఈ అమ్మాయికి టేబుల్ నచ్చడం లేదని.

రెండోసారి సన్నటి మోడల్ తెచ్చాడు. ఆమె దాని కీలు దగ్గర కూర్చుని, "మీ వేలు ఇక్కడ పెట్టండి" అంది.

"ఎందుకండీ?"

"పెట్టండి. నేను మడుస్తాను."

అతను కీలువైపు చూశాడు, తన వేలువైపు చూసుకున్నాడు. "వద్దులెండి."

"కంపెనీ మనిషికే భయమైతే, మా మూడో అంతస్తు పెద్దాయన మాటేమిటి? ఆయనకి వేలు నలిగాక గానీ నొప్పి తెలీదు."

దాన్నీ మోసుకుపోయాడు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి కంచు గంట మోగినట్టు ఓ గొంతు వినిపించింది.

"ఏమయ్యా మడతబ్బాయ్! తేవడం, తీసుకుపోవడం! నువ్వు టేబుళ్లు అమ్ముతున్నావా, షికారు తిప్పుతున్నావా?"

ఆవిడ కండక్టరమ్మ. సిటీ బస్సులో టికెట్లు కొట్టీ కొట్టీ రిటైరైంది. గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

"ఈ అమ్మాయికి ఒక పట్టాన నచ్చడం లేదండీ."

"అది జాకెట్టు కుడితే ఒక్క కుట్టు వంకర పోయినా మొత్తం విప్పేస్తుంది. నిన్నొదులుతుందా!"

ఆటోలో కూర్చున్నాక మడతబ్బాయి ఆ మాటనే తలుచుకుని నవ్వుకున్నాడు. డ్రైవరు అద్దంలోంచి చూసి, "మంచి ఆర్డరొచ్చినట్టుందే సార్" అన్నాడు. "రాలేదు" అన్నాడు ఇతను ఇంకా నవ్వుతూనే. ఆర్డరు రాకపోయినా నవ్వే సేల్స్ మనిషిని ఆ డ్రైవరు ఎన్నడూ చూసి ఉండడు.

మూడోసారి తమ కంపెనీలో అన్నిటికన్నా మంచి టేబుల్ తెచ్చాడు. చిన్నది, తేలికది. గుండీ నొక్కితే కాళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి, వేలు నలగదు, చప్పుడు రాదు. ఒక చేతిలో కాఫీ కప్పు పట్టుకుని, చుక్క ఒలకకుండా రెండో చేత్తో దాన్ని విప్పి చూపించాడు. హాల్లో అందరూ వచ్చి తలా ఒకసారి విప్పి, మడిచి, మళ్లీ విప్పారు. నర్సమ్మ చప్పట్లు కొట్టింది. కండక్టరమ్మ ఏళ్లుగా నొప్పి పెడుతున్న భుజంతోనే దాన్ని లేపేసింది. టేపు పిల్ల మొహంలో కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు చూశాక కాఫీ ఒలికింది.

"ఎవరి సాయం అక్కర్లేదండీ దీనికి! ఎవరిది వాళ్లే వేసుకోవచ్చు, ఎవరిది వాళ్లే తీసుకోవచ్చు."

"హాలుకి సరిపడా పంపండి, వారం రోజులు వాడి చూస్తాం. నచ్చితే సంతకం పెడతాను."

వారానికి పెన్నుతో సహా వచ్చాడు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఆర్డరుకి కొత్త చొక్కా దేనికో అతనికే తెలియాలి.

సాయంత్రం భోజనాల వేళ. హాలు నిండుగా ఉంది. ఫ్యాను కింద ఒక టేబులు, ఫోను చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు దగ్గర ఒకటి, కిటికీ వారన ఒకటి, గుమ్మం పక్కన ఒకటి. ప్రతి టేబులుకీ ఒక మనిషి. అందరూ హాయిగా తింటున్నారు. అతనికి కడుపు నిండిపోయింది.

టేపు పిల్ల వంటగదికీ హాలుకీ మధ్య ఉన్న చిన్న కిటికీకి అవతల, వంటగదిలో నిలబడి ఉంది. అతను హుషారుగా వెళ్లి, "చూశారా! ఒక్క కంప్లయింటు లేదు" అన్నాడు.

"తీసుకెళ్లిపోండి."

"ఏమిటి?"

"టేబుళ్లు. రేపే తీసుకెళ్లిపోండి."

"ఎందుకండీ? ఏం లోపముంది?"

"ఏ లోపమూ లేదు. అదే గొడవ."

ఇక్కడ తెలివైనవాడైతే నోరు మూసుకునేవాడు. మనవాడు సేల్స్‌లో తెలివైనవాడు, మిగతా విషయాల్లో మామూలువాడు. కొత్త చొక్కా ధైర్యం ఒకటి. అందరూ వింటున్నారన్న సంగతి మరిచి నవ్వుతూ అనేశాడు.

"ఒక్క మాట నిజం చెప్పండి. టేబుల్ నచ్చకా, లేకపోతే నన్ను మళ్లీ రప్పించాలనా?"

కండక్టరమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. టేపు పిల్ల అతనివైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మెడలోని టేపు తీసి కిటికీ గట్టు మీద పెట్టి, వెనక గుమ్మంలోంచి మెట్లెక్కి వెళ్లిపోయింది.

"నేను... సరదాకి..." అన్నాడతను ఖాళీ కిటికీతో.

ఆ కిటికీలో ఇప్పుడు పిన్ని మొహం కనబడింది. చేతిలో గరిటె. కొడుతుందేమో అనుకున్నాడు. ఆవిడ ఒక ప్లేటులో భోజనం పెట్టి అతని ముందుకి తోసింది.

"తింటూ విను. మెట్లవైపు ఆ మూల చూడు. ఎవరున్నారు?"

చూశాడు. ఒకాయన చిన్న టేబుల్ గోడకి ఆనించి వేసుకున్నాడు. కుర్చీ వేసుకోలేదు. హాలుకి వీపు పెట్టి, నిలబడి తింటున్నాడు.

"మా బావగారు. ఆయన్ని నలుగురిలో కూర్చోబెట్టాలనే ఈ పిల్ల ఈ హాలంతా నెత్తినేసుకుంది. ఆయన ఇంట్లో గోడ చూస్తూ తినేవారు. నీ టేబుల్ పుణ్యమా అని ఇప్పుడు హాలు గోడ చూస్తూ తింటున్నారు."

అప్పుడు మడతబ్బాయి హాలునంతా మళ్లీ చూశాడు. ఒక్కో టేబులుకీ ఒక్కో మనిషి. ఎవరి మొహమూ ఎవరికీ ఎదురుగా లేదు. ఇళ్లలో ఒంటరిగా తినేవాళ్లందరూ కిందికి దిగొచ్చి ఒంటరిగా తింటున్నారు. కొత్తగా జరిగిందల్లా మెట్లు దిగడం ఒక్కటే. ఎవరి సాయం అక్కర్లేదని తను గొప్పగా చెప్పిన టేబుల్, చెప్పినట్టే చేసింది.

ప్లేటు పక్కన పెట్టెయ్యాలనిపించింది. అయినా పిన్ని చూస్తోందని మొత్తం తిన్నాడు.

మర్నాడు కంపెనీ గోడౌన్‌లో చివరి వరస వెనక, దుమ్ము దుప్పటి కప్పుకున్న సరుకు ముందు నిలబడి ఉండగా మేనేజరు పట్టుకున్నాడు.

"ఏమోయ్, ఇక్కడేం పని?"

"ఈ మోడల్ తీసుకెళ్తాను సార్."

"మతిపోయిందా? అది అమ్ముడుపోక పడేసిన సరుకు. రెండు చివర్లా రెండు గొళ్లేలు, రెండూ ఒకేసారి లాగితే తప్ప తెరుచుకోదు. ఒక్కడివల్ల కాదు, ఇద్దరుండాలి."

"అక్కడ కావాల్సింది ఇద్దరే సార్."

"ఎవరా ఇద్దరు?"

మడతబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. మేనేజరు అతన్ని ఎగాదిగా చూసి, "తీసుకెళ్లు. తిరిగొస్తే ఆటో ఖర్చు నీదే" అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కుట్టు క్లాసు అయిపోయే వేళకి అతను హాలుకి వెళ్లాడు. టేపు పిల్ల కత్తిరింపు ముక్కలు ఊడుస్తోంది. తలెత్తలేదు.

"పాతవి తీసుకెళ్లడానికేగా? ఆ మూల పేర్చి పెట్టాను."

"ముందు క్షమించమని అడగడానికొచ్చాను."

చీపురు ఒక్క క్షణం ఆగింది.

"నిన్న నేనన్న మాట తప్పు. మీరు దేని కోసం చూస్తున్నారో తెలియకుండా, నా కోసమే చూస్తున్నారనుకున్నాను."

"పిన్ని చెప్పిందా?"

"చెప్పింది. అన్నం పెట్టి మరీ చెప్పింది. తిట్టినా బాగుండేది."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది గానీ నవ్వు దాకా రాలేదు. "సరే. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరికి వేసి వెళ్లండి."

"ఇంకో టేబుల్ తెచ్చాను. ఒక్కసారి విప్పి చూడండి. నచ్చకపోతే ఇక ఈ గుమ్మం తొక్కను."

పొడుగాటి బల్ల. పాతకాలపు చెక్క పైభాగం. ఆమె ఒక చివర గొళ్లెం లాగింది. కదల్లేదు. రెండో చివరకి వెళ్లి అది లాగింది. ఇటువైపుది మళ్లీ బిగుసుకుంది. రెండు చేతులూ చాపి చూసింది, అందలేదు. మోకాలు కూడా అడ్డం పెట్టింది. ఏ టేబులూ ఆమెని అంతగా అవమానించలేదు.

"చెడిపోయిందా ఇది?"

"లేదండీ. ఇది ఇంతే."

అతను అవతలి చివరకి వెళ్లి గొళ్లెం మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడు లాగండి. ఇద్దరం ఒకేసారి."

లాగారు. బల్ల ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు తెరుచుకుని, కాళ్లు నేలకి ఆన్చి నిలబడింది.

ఆమె బల్లనీ, ఆ చివరనున్న మనిషినీ మార్చి మార్చి చూసింది. అర్థమైపోయింది. కుట్టుపని తెలిసిన మనిషి కదా, ఒక్క చేత్తో సూదిలోకి దారం ఎక్కదని తెలుసు.

"ఇన్నాళ్లూ దీన్నెందుకు చూపించలేదు?"

"లోపం అనుకున్నాను. ఒక్కరికి చేతకానిదేదైనా మా దగ్గర లోపమే. మార్కెట్లో అందరూ అలాగే అంటారు."

ఆమె టేపు తీసి వెడల్పు కొలిచింది. తర్వాత ఇటు కూర్చుని చెయ్యి చాపింది. అతను అటు కూర్చుని చాపాడు. ఈసారి వేళ్లు తగిలాయి. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తీసుకున్నారు.

"వెడల్పు సరిపోయింది" అంది ఆమె, ఎటో చూస్తూ.

ఆ సాయంత్రం హాల్లో చిన్న తిరుగుబాటు జరిగింది. చిన్న టేబుళ్లు మాయం. వాటి చోట, గోడౌన్ నుంచి మిగతావీ తెప్పించిన పొడుగాటి బల్లలు గోడకి మడిచి ఆనించి ఉన్నాయి. ఎవరికి వాళ్లు ఒక చివర లాగి, రాక, వదిలేశారు.

"మడతబ్బాయ్! మంచివి తీసుకుపోయి ఈ దరిద్రపు బల్లలేంటయ్యా తెచ్చావు?" అంది నర్సమ్మ.

అతనూ టేపు పిల్లా కిటికీ అవతల ఉన్నారు. ఆమె సాయం చెయ్యడానికి అడుగు వేస్తే అతను తల అడ్డంగా ఊపాడు.

ఆపరేటరు గారు దిగొచ్చారు. ప్లేటు చేతిలో ఉంది. బల్లలవైపు చూశారు, మనుషులవైపు చూశారు. ఎవరినీ పిలవలేదు. సాయం అడగడం ఆయనకి ఎప్పుడూ అలవాటు లేదు. మెల్లిగా వెనక్కి తిరిగి బయటి మెట్లవైపు నడిచారు. కిటికీ అవతల టేపు పిల్ల చున్నీ అంచు నలిపేస్తోంది.

"ఆపరేటరు గారూ!"

హాలంతా దద్దరిల్లింది. కండక్టరమ్మ ఒక బల్ల చివర పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికా పోవడం? నా భుజం సంగతి తెలుసుగా. అవతల చివర పట్టండి. ఆకలేస్తోందిక్కడ!"

ఆయన ఆగారు. ప్లేటు గుమ్మం పక్కన పెట్టారు. వచ్చి అవతల చివర పట్టుకున్నారు. తన కోసం తాను అడగడం రాని మనిషి, ఎదుటివాళ్లు అడిగితే మాత్రం కాదనలేడు. లోకంలో చాలామంది అంతే.

"ఊఁ, రైట్ రైట్!" అంది కండక్టరమ్మ. బల్ల విచ్చుకుంది.

ఆవిడతో కలిసి బల్లలన్నీ ఆయనే వేశారు. జనం చుట్టూ చేరారు. ఎదురెదురు మొహాలు. మొదట్లో మాటల్లేవు, తర్వాత ఉప్పందించమన్నారు, ఆ తర్వాత కూరలో ఉప్పు ఎక్కువైందని పిన్నిని అన్నారు, దాంతో అందరికీ మాటలొచ్చేశాయి.

ఆపరేటరు గారు మాత్రం ప్లేటు తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయారు.

"కూర్చోలేదు" అంది టేపు పిల్ల.

"రేపొస్తారు."

"ఎలా తెలుసు?"

"కండక్టరమ్మ భుజం రేపటికి తగ్గదు కదండీ."

వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. బల్లలు వెయ్యడం ఆయన డ్యూటీ అయిపోయింది. టైముకి రాకపోతే పైకి కండక్టరమ్మ కేకలు వినిపించేవి. వేసి, నాలుగు మాటలు విని, ఒకటో రెండో అని, వెళ్లిపోయేవారు. కూర్చోవడం మాత్రం లేదు.

మడతబ్బాయి కూడా వచ్చేవాడు. ఆర్డరు సంతకమైపోయింది, టేబుళ్లు అన్నీ వచ్చేశాయి, అతనికిక్కడ పనేమీ లేదు. అయినా స్క్రూలు బిగించాలనేవాడు. రోజూ బిగిస్తే స్క్రూలు ఎంతకని బిగుస్తాయి? పిన్ని ఆ ప్రశ్న అడగలేదు. ప్లేటు ఒకటి ఎక్కువ పెట్టడం మొదలుపెట్టింది, అంతే.

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. అలాంటిలాంటి వాన కాదు, ఆకాశానికి చిల్లు పడ్డట్టు. పై వాటాలకి వెళ్లే మెట్లు బయటివైపునుంచి కాబట్టి ఆపరేటరు గారు బల్లలు వేసి గుమ్మంలోనే చిక్కుకుపోయారు. పక్కనే మడతబ్బాయి, స్క్రూడ్రైవరుతో. పిన్ని ఇద్దరి చేతుల్లోనూ ప్లేట్లు పెట్టి వెళ్లింది. ఇద్దరూ వాన చూస్తూ నిలబడి తింటున్నారు.

"నువ్వెళ్లి కూర్చోవయ్యా. నాకిలా అలవాటు" అన్నారాయన.

"ఫరవాలేదండీ. మీకు తోడుంటాను."

ఆయన వాన చప్పుడు మీదుగా, ఎవరికో కాక వానకే చెబుతున్నట్టు మొదలుపెట్టారు.

"ప్రొజెక్టర్ గదిలో రెండో మనిషికి చోటుండదు. మా ఆవిడ రోజూ ఫస్ట్‌షో వేళకి కారేజీ తెచ్చేది. రీలు చివరికొస్తే మార్చాలి కదా, కూర్చుంటే నేను కునుకు తీస్తానని కూర్చోనిచ్చేది కాదు. తనూ కూర్చునేది కాదు. గోడకున్న ఆ కన్నంలోంచి బొమ్మ చూస్తూ ఇద్దరం నిలబడే తినేవాళ్లం. ముప్పై ఏళ్లు తిన్నాం." ఆగారు. "ఇప్పుడు కుర్చీలో కూర్చుంటే, తనని నిలబెట్టేసి నేను కూర్చున్నట్టుంటుంది."

ఏ సరుకునైనా అమ్మగలిగిన మడతబ్బాయి ఆ మాటకి ఎదురు చెప్పాలనుకోలేదు. ఆయన బాధలో తప్పేమీ లేదు మరి. తను ఇన్నాళ్లుగా చూస్తున్నది మాత్రం చెప్పాడు.

"మీ అమ్మాయిగారు కూడా నిలబడే తింటున్నారండీ."

"ఎవరు?"

"ఆ కిటికీ వెనకాల. రోజూ. మీరు కూర్చునేదాకా కూర్చోరనుకుంటాను. నేనడగలేదు. చూస్తే అలా అనిపించింది."

ఆపరేటరు గారు వెనక్కి తిరిగారు. వంటగది చిన్న కిటికీలో కూతురు సగమే కనిపిస్తోంది. ఒక చేతిలో ప్లేటు, గోడకి ఆనుకుని, గబగబా నాలుగు ముద్దలు మింగుతోంది, ఆయన లాగే. ముప్పై ఏళ్లు చిన్న కన్నంలోంచి బొమ్మలు చూసిన మనిషి, ఆ బొమ్మని చాలాసేపు చూశారు.

తర్వాత ప్లేటు పట్టుకుని హాలు మధ్యలోకి నడిచారు. కండక్టరమ్మ ఏదో అనబోయి, ఆయన మొహం చూసి, జీవితంలో మొదటిసారి ఆగింది.

"అమ్మాయ్" అని పిలిచారు.

టేపు పిల్ల కంగారుగా బయటికొచ్చింది. "ఏం నాన్నా? ఏమైనా కావాలా?"

"ఏమీ వద్దు. ప్లేటు తెచ్చుకో. కూర్చో."

"మీరు..."

"నువ్వు కూర్చో ముందు. మీ అమ్మ ఉంటే నిన్నిలా నిలబెట్టినందుకు నన్ను తిట్టిపోసేది."

ఆమె కూర్చుంది. ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆమె తల వంచుకుని తింటోంది, తింటూనే ఏడుస్తోంది. ఆయన చెయ్యి చాపి నీళ్ల గ్లాసు ఆమె ముందుకి జరిపారు. కిటికీలో పిన్ని కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, ఉల్లిపాయలన్నీ ఎప్పుడో వండేసినా ఉల్లిపాయల ఘాటు అంటోంది.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర టేపు పిల్ల మడతబ్బాయిని పట్టుకుంది. వాన కొంచెం తెరిపిచ్చింది.

"మా నాన్నకి ఏం మంత్రం వేశారు?"

"మంత్రమా? నేను చూసింది చెప్పానంతే."

"ఏం చూశారు?"

"కిటికీలో మిమ్మల్ని."

"రోజూ చూస్తున్నారా?"

"ఊఁ."

"స్క్రూలు బిగించడానికి వస్తున్నానని పిన్నితో చెప్పారే!"

"అవి మొదటిరోజే బిగుసుకుపోయాయండీ. తర్వాత నుంచి ఒకటి వదులు చేసి, మళ్లీ బిగిస్తున్నాను."

ఆమె పకపకా నవ్వింది. ఏడ్చిన కళ్లతో నవ్వితే మనిషి ఎలా ఉంటుందో, అతనికి అప్పుడే తెలిసింది. నవ్వు ఆగేదాకా ఆగి, స్క్రూడ్రైవరుని కుళాయి గట్టు మీద పెట్టాడు.

"ఈసారి సరదాకి కాదు. మీరంటే నాకిష్టం. టేబుల్ మీద గెంతినప్పటినుంచీ కాదు. అప్పుడు మాత్రం కోపమొచ్చింది. ఇష్టమని నాకే తెలిసింది, క్షమించమని అడిగినరోజు. వెంటనే జవాబు చెప్పక్కర్లేదు. నిదానంగా కొలిచి, సరిపోతేనే చెప్పండి."

ఆమె తడిచేతులు చున్నీకి తుడుచుకుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకుంది.

"వదులు చేసిన స్క్రూ సంగతి నాకు తెలియదనుకున్నారా? రోజూ ఏ బల్లకి ఏం చేస్తున్నారో చూస్తూనే ఉన్నాను. ఇష్టం లేకపోతే ఒక్కరోజైనా ఎవరికైనా చెప్పి ఉండేదాన్ని కదా?"

అతను ఒక అడుగు ముందుకి వేసేలోపే హాల్లోంచి ఆపరేటరు గారి పిలుపు వినిపించింది.

"ఏం బాబూ, ఇలా ఒకసారి రా. కూర్చో."

వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. టేపు పిల్ల నీళ్ల జగ్గు పట్టుకుని, ఎవరూ నీళ్లడగకపోయినా ఆ చుట్టుపక్కలే తిరుగుతోంది. ఆపరేటరు గారు ఆఖరి ముద్ద నింపాదిగా తిని, అతని మొహంలోకి సూటిగా చూశారు.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

జనాభా లెక్కలవాళ్లు తప్ప, మన వాళ్లలో ఆ ప్రశ్న ఎవరూ ఉత్తినే అడగరు. కిటికీలో పిన్ని గరిటె చప్పుడు ఆగింది. నర్సమ్మ ఫోను కింద పెట్టింది. జగ్గులోంచి నీళ్లు నిండిన గ్లాసులోకే పడుతున్నాయి.

టేబుల్ గుణగణాలు గుక్క తిప్పుకోకుండా ఏకరువు పెట్టే మడతబ్బాయికి, సొంత ఇంట్లో ఎవరున్నారో గుర్తు రాలేదు.

"చెప్పవయ్యా! టికెట్ లేకుండా దొరికిపోయినవాడిలా ఆ మొహమేంటి?" అంది కండక్టరమ్మ.

"అమ్మ... నాన్న... ఒక చెల్లెలండీ."

"వాళ్లకి వీలైన సాయంత్రం చూసుకుని ఇటు తీసుకురా" అన్నారు ఆపరేటరు గారు. పొర్లుతున్న గ్లాసువైపూ, దాన్ని గమనించని కూతురివైపూ ఓసారి చూసి, ప్లేటు తీసుకుని లేచారు. "ముందుగా చెప్పు. వాళ్లొచ్చేరోజు నేను కూర్చునే తింటాను."